తాడని తెలిశాక మళ్ళీ భయపెట్టడం: ‘ఎక్స్‌ట్రాక్షన్ పాయింట్’ మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

చీకట్లో తాడును చూసి పామనుకుని ఉలిక్కిపడతాం. దీపం తెచ్చి చూస్తే తాడే. మన వేదాంతంలో ఈ ఉదాహరణ ఎంత అరిగిపోయిందో మీకు తెలుసు. నేను ఆ తత్వం జోలికి వెళ్ళను. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. దీపం పెట్టి, చేత్తో పట్టుకుని చూసి, ఇది తాడేనని తేల్చుకున్న మనిషి ఒకడున్నాడు. ఆ మనిషినే, ఆ గదిలోనే, ఆ తాడుతోనే మళ్ళీ భయపెట్టాలి. ఎలా?

హారర్ గేమ్‌కి ఎక్స్‌పాన్షన్ ప్యాక్, అంటే ఉన్న ఆటకి అదనంగా జోడించే కొత్త భాగం, చేసేవాళ్ళ నెత్తిన పడే పని ఇదే. మామూలు షూటర్‌కి, అంటే తుపాకీతో కాల్చుకుంటూ పోయే ఆటకి, ఎక్స్‌పాన్షన్ చేయడం తేలికని అనను గానీ, అక్కడ దారి తెలిసిందే. నాలుగు కొత్త తుపాకులు, కొన్ని కొత్త లెవెల్స్, ఇద్దరు ముగ్గురు కొత్త శత్రువులు ఇస్తే ఆడేవాళ్ళకి కడుపు నిండుతుంది. భయం అలా కాదు. తెలిసేకొద్దీ తరిగిపోయే సరుకది. మొదటి ఆట పూర్తిచేసి వచ్చినవాళ్ళకి దయ్యం మొహం తెలుసు, అడుగుల చప్పుడు తెలుసు, లైట్లు ఎప్పుడు మిణుకుమంటాయో తెలుసు. అలాంటివాళ్ళని కూర్చోబెట్టి మళ్ళీ వణికించాలి.

ఈ పనికి పూనుకున్న ఒక ఎక్స్‌పాన్షన్ ప్యాక్ గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. పేరు ‘ఎక్స్‌ట్రాక్షన్ పాయింట్’. 2006 అక్టోబరులో వచ్చింది. దాని మాతృక, అంతకు ఏడాది ముందు, 2005 అక్టోబరులో వచ్చిన ‘ఫియర్’. ఒక మాట ముందే చెప్పేస్తున్నాను. రెండు కథలూ చివరిదాకా చెబుతాను. చెప్పకుండా ఈ విషయం మాట్లాడటం కుదరదు. ఆడని వాళ్ళు, ఆడదామనుకుంటున్న వాళ్ళు ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళండి, నేనేమీ అనుకోను.

సరే.

‘ఫియర్’ అంటే భయం అని ఒక అర్థం. ఫస్ట్ ఎన్‌కౌంటర్ అసాల్ట్ రీకాన్ అనే సైనిక బృందం పేరుకి పొడి అక్షరాలు అని ఇంకో అర్థం. మామూలు సైన్యం తలపెట్టలేని, బుద్ధికి అందని వ్యవహారాలను చూసుకునే బృందం అది. అందులో కొత్తగా చేరిన వ్యక్తి మనం. పాయింట్ మ్యాన్ అంటారు, అంతకు మించి పేరు లేదు, ఆటంతా ఒక్క మాట మాట్లాడడు. ప్యాక్స్‌టన్ ఫెట్టెల్ అనేవాడు రెప్లికా అనే క్లోన్ సైనికుల దళాన్ని మనసుతో నడిపిస్తూ ఆర్మాకామ్ అనే కంపెనీ మీద పడ్డాడు. వాణ్ణి పట్టుకోవాలి. పట్టుకోబోతే దారిలో ఎర్ర గౌను వేసుకున్న చిన్నపిల్ల కనబడుతూ ఉంటుంది. ఆమె పేరు ఆల్మా. చివరికి తేలేదేమిటంటే, ఆ పిల్లని కంపెనీ వాళ్ళు చిన్నప్పుడే ప్రయోగాలకు బలిచేసి బంధించి ఉంచారు, ఆమె కడుపున పుట్టినవాళ్ళే ఫెట్టెల్, మనమూ. అంటే మనం వెంటాడుతున్నది అన్నదమ్ముణ్ణి, మనల్ని వెంటాడుతున్నది కన్నతల్లి.

తయారుచేసింది మోనోలిత్ ప్రొడక్షన్స్. వాళ్ళు భయపెట్టిన తీరు ఎలా ఉంటుందో ఒక్క సన్నివేశంతో చెబుతాను. ఈ ఆట ఆడినవాళ్ళెవరిని కదిపినా ముందు ఇదే చెబుతారు. నిచ్చెన.

ఆట మొదట్లోనే వస్తుంది. కిందికి దిగడానికి ఒక నిచ్చెన ఉంటుంది. కిందికి దిగే నిచ్చెన ఎక్కాలంటే మనిషి ఏం చేస్తాడు? వెనక్కి తిరుగుతాడు. ఆటలో కూడా అంతే, నిచ్చెన పట్టుకోగానే కెమెరా తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. ఇంతవరకూ మనం నడిచొచ్చిన దారి వైపు. ఖాళీగా ఉండాల్సిన చోట, కళ్ళకెదురుగా, ఆ పిల్ల నిలబడి ఉంటుంది. మీ చేతులు నిచ్చెన మీద ఉన్నాయి, తుపాకీ లేదు. దిగడం తప్ప చేయగలిగింది లేదు. గబగబా దిగి, అమ్మయ్య అని ఇటు తిరిగితే ఫెట్టెల్ నిలబడి ఉంటాడు. కాల్చేలోపే బూడిదలా రాలిపోతాడు.

దీన్ని ఎన్నోసార్లు మళ్ళీ మళ్ళీ ఆడి చూశాను. ఇందులో ఆర్భాటమేమీ లేదు. దయ్యం మీద పడదు, అరవదు, మీ ప్రాణం ఒక్క పాయింటు కూడా తగ్గదు. షూటర్ ఆటలో మనకున్న ఒకే ఒక్క ధైర్యం, ఎటు కావాలంటే అటు చూడగలగడం. నిచ్చెన దగ్గర ఆ ఒక్కటీ రెండు క్షణాలు లాగేసుకున్నారు. అంతే. ఆ తర్వాత ఆటలో నిచ్చెన కనబడితే చాలు, ఒళ్ళు జలదరించేది.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే సంగతి ఒకటి చెప్పాలి. ‘ఫియర్’లో శత్రు సైనికుల తెలివి. ఇరవై ఏళ్ళు దాటినా షూటర్లలో శత్రువుల తెలివి గురించి మాట వస్తే ఈ ఆట పేరు రాకుండా ఉండదు. దాని వెనకున్న పద్ధతి గురించి మోనోలిత్‌లో పనిచేసిన జెఫ్ ఆర్కిన్ 2006లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో వివరంగా చెప్పారు. అప్పటిదాకా ప్రతి శత్రువుకీ ఏ పరిస్థితిలో ఏం చేయాలో ముందే రాసిపెట్టేవారు. ఇక్కడ అలా రాయలేదు. శత్రువుకి ఒక లక్ష్యం ఇచ్చారు, చేతనైన పనుల జాబితా ఇచ్చారు. ఏ పని తర్వాత ఏ పని చేస్తే లక్ష్యం నెరవేరుతుందో అప్పటికప్పుడు వాడే లెక్క వేసుకుంటాడు. టేబుల్ తన్ని దాని చాటున కూర్చోవచ్చు, కిటికీలోంచి దూకవచ్చు, తలుపు మూసి ఉంటే ఇంకో దారి వెతకవచ్చు.

నాకు బాగా నచ్చింది ఆయన చెప్పిన ఇంకో సంగతి. ఈ సైనికులు మనల్ని పక్కనుంచి చుట్టుముట్టారని మనం గింజుకుంటామా, నిజానికి చుట్టుముట్టడం అనే పని వాళ్ళకి తెలియనే తెలియదు. దగ్గర్లో మంచి చాటు ఎక్కడుందో చూసుకుని అక్కడికి పోతారు, ఆ దారి మన పక్కగా వస్తే మనకి అది వ్యూహంలా కనబడుతుంది. దానికి తోడు వాళ్ళ మాటలు. ఒకరితో ఒకరు రేడియోలో అరుచుకుంటూ ఉంటారు. ఒకడు ఎటూ కదలలేక అక్కడే ఇరుక్కుపోతే, దారి లేదని అరుస్తాడు. ఆ ఒక్క అరుపుతో వాడి చేతకానితనం కూడా మనకి తెలివిలాగే వినబడుతుంది.

ఈ మాటల గురించి ఇంత ఎందుకు చెబుతున్నానంటే, నాకు ఇవి ఇంకో పని కూడా చేసేవి. రాత్రిపూట, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడుతున్నాను. ఆఫీసు కారిడార్. లైటు మిణుకుమంటోంది. పది నిమిషాలుగా ఎవరూ కనబడలేదు. టార్చి బ్యాటరీ అయిపోతూ వస్తోంది, ఆపి మళ్ళీ నిండే దాకా చీకట్లో నిలబడాలి. గుండె గొంతులో ఉంది. అప్పుడు దూరంగా రేడియో గరగర, సైనికుల గొంతులు. నాకు ఏమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. నన్ను చంపడానికి వస్తున్నవాళ్ళ గొంతు వింటే ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే వాళ్ళు తుపాకీ దెబ్బకి చస్తారు. స్లో మోషన్ నొక్కితే వాళ్ళ కన్నా వేగంగా నేను కదలగలను. వాళ్ళతో నాకు లెక్క కుదురుతుంది. ఆ పిల్లతో కుదరదు.

మొదటి ఆట నడిచేదంతా ఈ ఊగిసలాట మీదే. కాల్పులు వస్తే ఊపిరి పీల్చుకోవడం, నిశ్శబ్దం వస్తే బిగుసుకుపోవడం. రెండూ ఎక్కువగా కలవవు. ఒకటి అయ్యాకే ఇంకోటి. ఆట సగమయ్యేసరికి మనకి తెలియకుండానే ఈ లయ ఒంటబడుతుంది. చిక్కంతా అక్కడే. లయ ఒంటబట్టాక, తర్వాత ఏం రాబోతోందో ఒళ్ళే ముందుగా చెప్పేస్తుంది.

ఇక్కడ ఎక్స్‌పాన్షన్ ప్యాక్‌ల గురించి రెండు ముక్కలు. ఇప్పుడు డీఎల్‌సీ అని డౌన్‌లోడ్ చేసుకుంటున్నాం. అప్పట్లో అది పెట్టెలో డిస్కు. అసలు ఆట ఉన్నవాళ్ళకే పనికొచ్చేది. చాలాసార్లు అసలు ఆట చేసినవాళ్ళు తర్వాతి ఆట పనిలో మునిగిపోయి, ఎక్స్‌పాన్షన్‌ను బయటి స్టూడియోకి అప్పగించేవారు. ‘క్వేక్’కి 1997లో వచ్చిన రెండు మిషన్ ప్యాక్‌లు రెండు వేర్వేరు స్టూడియోలు చేసినవే, ఒకటి హిప్నాటిక్, ఇంకోటి రోగ్. ‘హాఫ్ లైఫ్’కి ‘అపోజింగ్ ఫోర్స్’ చేసింది గేర్‌బాక్స్. అంటే ఒకరు కట్టిన ఇంట్లో ఇంకొకరు గది వేయడం. గోడలు వాళ్ళవి, పునాది వాళ్ళది, తలుపు ఎటు పెట్టాలన్నది మాత్రం కొత్త మేస్త్రీ చేతిలో.

హారర్‌లో ఇలాంటిది ఇంకొకటి ఉంది, పోలిక కోసం చెబుతాను. ‘డూమ్ 3’కి 2005లో నెర్వ్ సాఫ్ట్‌వేర్ చేసిన ‘రిసరెక్షన్ ఆఫ్ ఈవిల్’. వాళ్ళు వెళ్ళిన దారి, ఆటగాడి చేతిలో బలం పెట్టడం. రెండు గొట్టాల షాట్‌గన్ మళ్ళీ తెచ్చారు. వస్తువులను, మీదికొచ్చే అగ్నిగోళాలను గాల్లోనే పట్టుకుని తిరిగి విసిరే గ్రాబర్ ఇచ్చారు. కాలాన్ని నెమ్మదింపజేయడం మొదలుకొని మూడు శక్తులను సమకూర్చుకునే ఒక కళాఖండం ఇచ్చారు, అది పనిచేయాలంటే చచ్చినవాళ్ళ ఆత్మలు కావాలి. ఆడటానికి ఎంతో బాగుంటుంది. ఆ షాట్‌గన్ మోత నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ భయం? రాక్షసుడు విసిరిన నిప్పుముద్దను పట్టుకుని వాడి మొహానే కొట్టగలిగినవాడికి రాక్షసుడంటే భయం ఎందుకుంటుంది? వాళ్ళు తాడును పాముగా చూపించే ప్రయత్నమే మానుకుని, చేతికి కర్ర ఇచ్చారు. అది తప్పని అనను. దాని దారి అది.

‘ఎక్స్‌ట్రాక్షన్ పాయింట్’ చేసింది టైమ్‌గేట్ స్టూడియోస్. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం వాళ్ళది. అంతకుముందు వాళ్ళకి పేరు తెచ్చింది ‘కోహన్’ అనే స్ట్రాటజీ ఆటలు. పైనుంచి మైదానాన్ని చూస్తూ దళాలను నడిపించే ఆటలు చేసినవాళ్ళు వచ్చి, ఒక మనిషి కళ్ళలోంచి చూసే దయ్యాల ఆట చేయడమంటే నాకు మొదట నమ్మకం కుదరలేదు.

మొదటి ఆట ఎలా ముగిసిందో గుర్తుచేస్తాను. మనం ఫెట్టెల్‌ను కాల్చి చంపాం. వాడు చావగానే వాడి మనసుతో నడిచే రెప్లికాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆల్మాను బంధించి ఉంచిన ఆరిజిన్ స్థావరం పేలిపోయింది, ఊరు ధ్వంసమైంది. మన బృందంలోని జిన్ సున్ క్వాన్, డెల్టా ఫోర్స్ మనిషి హాలిడే మనల్ని హెలికాప్టర్‌లోకి లాగారు. అయిపోయిందనుకుంటుండగా ఆల్మా హెలికాప్టర్‌లోకి ఎక్కుతూ కనిపిస్తుంది. తెర నల్లబడుతుంది.

ఎక్స్‌పాన్షన్ అక్కడి నుంచే మొదలవుతుంది. ఒక్క రోజు విరామం కూడా లేదు. హెలికాప్టర్ కూలిపోయి ఉంది. ముగ్గురం చెదిరిపోయాం. ఊరు ఖాళీ. ఎక్కడో ఒక ఆసుపత్రి పైకప్పు మీదికి చేరితే, ఇంకో హెలికాప్టర్ వచ్చి తీసుకుపోతుంది. అదే ఎక్స్‌ట్రాక్షన్ పాయింట్. కథంతా ఇంతే, అక్కడికి చేరడం.

ఇప్పుడు వాళ్ళు చేసిన మొదటి పని చూడండి. ఫెట్టెల్ మళ్ళీ కనిపిస్తాడు. మనమే చంపినవాడు. వాడితోపాటు ఆగిపోయిన రెప్లికాలూ లేస్తాయి. ఎలా? వాడే ఒప్పుకుంటాడు, ఇందులో అర్థం పర్థం లేదని. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు కథ రాసినవాళ్ళకి కారణం దొరక్క వదిలేశారనుకున్నాను. చాలామంది విమర్శ కూడా అదే. తర్వాత రెండోసారి ఆడుతుంటే నా అభిప్రాయం మారింది. మొదటి ఆటలో నేను నేర్చుకున్న నియమం ఏమిటి? ఫెట్టెల్ చస్తే అంతా ఆగుతుంది. నాకున్న దీపం అదొక్కటే. వాళ్ళు వచ్చి ఆ దీపాన్ని ఊదేశారు. ఎందుకు ఊదారో కూడా చెప్పలేదు. తాడని తెలిసిన మనిషిని మళ్ళీ భయపెట్టాలంటే, నీ దీపం మీదే నీకు అనుమానం పుట్టాలి.

చోట్లు కూడా మార్చారు. మొదటి ఆట మీద అందరూ చేసిన ఫిర్యాదు, ఎటు చూసినా అవే ఆఫీసులు, అవే గోదాములు అని. ఇందులో చర్చి ఉంది, కూలిపోయిన వీధులున్నాయి, సొరంగ రైలు మార్గం ఉంది, చివర ఆసుపత్రి. ఈ మార్పు వల్ల ఒరిగిందేమిటో నాకు సొరంగంలో తెలిసింది. ఆఫీసులో చీకటి ఉన్నా, ఇది కుర్చీ, ఇది జిరాక్స్ మెషీన్ అని కంటికి ఆనవాళ్ళు దొరుకుతాయి. పట్టాల మీద నడుస్తుంటే అటూ ఇటూ గోడ, ముందూ వెనకా నలుపు. టార్చి వెలుగు పోయి తాకడానికి ఏమీ ఉండదు.

అక్కడ కొత్త దయ్యాలున్నాయి. నేల మీద నల్లటి మడుగులా పరుచుకుని ఉండి, దగ్గరికెళ్తే అందులోంచి లేచి పట్టుకునేవి కొన్ని. సరిగా కంటికి ఆనకుండా మీదికి దూకేవి కొన్ని. మొదటి ఆటలో దయ్యాలు ఎక్కువగా కనబడి మాయమయ్యేవి, ఇందులో అవి పైన పడతాయి. అదీ సైనికులతో పోరాటం మధ్యలో కాదు, ఇప్పుడే పోరాటం ముగించి ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు. నాకు ఒంటబట్టిన లయ ఉందని చెప్పాను చూడండి, దాన్ని సరిగ్గా ఆ సందులో కొట్టారు.

నిచ్చెన సంగతి కూడా చెప్పాలి. ఎక్స్‌పాన్షన్‌లో కిందికి దిగే ఒక నిచ్చెన దగ్గరికొచ్చాను. ఆగాను. వెనక్కి తిరిగి కారిడార్ మొత్తం టార్చి వేసి చూశాను. ఎవరూ లేరు. నిచ్చెన పట్టుకోబోయి, మళ్ళీ వదిలేసి, ఇంకోసారి చూశాను. తుపాకీ మార్చాను, నిచ్చెన మీద దాన్ని వాడలేనని తెలిసి కూడా. చివరికి దిగాను. ఏమీ జరగలేదు. కింద ఇటు తిరిగాను. ఏమీ లేదు. ఆ రెండు నిమిషాల్లో నేను పడ్డ భయానికి టైమ్‌గేట్ వాళ్ళు ఒక్క బొమ్మ గీయలేదు, ఒక్క శబ్దం పెట్టలేదు. ఏడాది క్రితం వేరేవాళ్ళు పెట్టిన భయం నా దగ్గర దాచుకుని ఉన్నాను, దాన్ని నేనే బయటికి తీశాను. ఎక్స్‌పాన్షన్ ప్యాక్‌కి ఉన్న సౌకర్యం ఇదొక్కటే. కొత్త ఆటకి ఇది దొరకదు.

అన్నీ ఇలాగే ఉన్నాయని చెప్పను. మినీగన్ పెట్టారు. అది చేతికొచ్చిన లెవెల్‌లో నాకు భయం అనేదే గుర్తులేదు. గోడలు, గాజు తలుపులు, శత్రువులు అన్నీ తుక్కుతుక్కు. బాగుంటుంది, కాదనను, కానీ ఆ ఇరవై నిమిషాలు ఇది వేరే ఆట. లేజర్ కార్బైన్ కూడా అంతే. విసిరితే తనంతట తానే నిలబడి శత్రువులను కాల్చే చిన్న టరెట్ ఒకటి ఉంది, అది మాత్రం నాకు ఇష్టం. చీకట్లో నాతోపాటు ఇంకోటి కాపలా కాస్తోందన్న భ్రమ ఇస్తుంది, మందుగుండు అయిపోయాక మళ్ళీ ఒంటరితనం మరీ ఎక్కువగా తెలుస్తుంది.

ఒంటరితనం అన్నాను కాబట్టి, నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తున్నాను.

మొదట హాలిడే దొరుకుతాడు. మొదటి ఆటలో మనకు తోడుగా కాసేపు నడిచినవాడు. ఒక తెలిసిన మొహం. ఇద్దరం కలిసి ఆసుపత్రికి పోదామంటాడు. పోతుండగానే, మన కళ్ళముందే, దయ్యాలు వాణ్ణి పొట్టనపెట్టుకుంటాయి. మనం కాల్చి ఆపగలిగింది ఏమీ లేదు. ఇక జిన్. రేడియోలో ఆమె గొంతు కోసం చెవులు రిక్కించుకుని ఉంటాం. వెతుక్కుంటూ పోతే శవం దొరుకుతుంది.

ఆటల్లో మనుషులు చావడం కొత్తేమీ కాదు. కానీ ఈ రెండు చావులు ఆడేవాళ్ళ లెక్కలో లేనివి. సిరీస్‌లో ఆట ఆడేటప్పుడు మనకి లోపల ఒక భరోసా ఉంటుంది. పేరున్న పాత్ర కదా, తర్వాతి భాగంలో కావాలి కదా, వీళ్ళని చంపరు. తుపాకీ కన్నా బలమైన రక్షణ అది. ‘ఎక్స్‌ట్రాక్షన్ పాయింట్’లో ఆ భరోసా తెగిపోయింది. హాలిడే పోయాక నాకు వచ్చిన ఆలోచన, అయితే ఇక్కడ ఎవరినైనా చంపుతారన్నమాట అని. దాని తర్వాత ప్రతి మూల మలుపూ వేరేగా కనిపించింది.

అంత స్వేచ్ఛ ఈ ఎక్స్‌పాన్షన్‌కి ఎక్కడిది? ఇక్కడ ఆట బయటి కథ ఒకటి చెప్పాలి. అది కోర్టు కాగితాల కథలా ఉంటుంది గానీ, విషయం అందులోనే ఉంది. మోనోలిత్‌ను 2004లో వార్నర్ బ్రదర్స్ కొనుక్కుంది. ‘ఫియర్’ను మాత్రం వివెండీ సంస్థ తన సియెరా పేరు మీద మార్కెట్లోకి తెచ్చింది. మోనోలిత్, వివెండీ విడిపోయినప్పుడు ఆస్తి ఇలా పంచుకున్నారు: పాత్రలు, కథాప్రపంచం మోనోలిత్ వైపు, ‘ఫియర్’ అనే పేరు వివెండీ వైపు. మనుషులు ఒకరికి, ఇంటి పేరు ఇంకొకరికి. పేరు చేతిలో ఉన్న వివెండీ, టైమ్‌గేట్ చేత ఎక్స్‌పాన్షన్లు చేయించింది. పాత్రలు చేతిలో ఉన్న మోనోలిత్, రెండో భాగం చేస్తూ దానికి పెట్టుకోవడానికి పేరు లేక, అభిమానులకే పోటీ పెట్టి ‘ప్రాజెక్ట్ ఆరిజిన్’ అనే పేరు ఎంచుకుంది. 2008లో వార్నర్ ఆ పాత పేరును కూడా సంపాదించింది. 2009 ఫిబ్రవరిలో ‘ఫియర్ 2: ప్రాజెక్ట్ ఆరిజిన్’ వచ్చింది. వచ్చి, టైమ్‌గేట్ చెప్పిన కథను లెక్కలోకి తీసుకోలేదు. మోనోలిత్ వరకు ‘ఎక్స్‌ట్రాక్షన్ పాయింట్’లో జరిగిందేదీ జరగలేదు.

2011లో ‘ఫియర్ 3’ వచ్చింది. అందులో జిన్ సున్ క్వాన్ బతికే ఉంది. నేను చూసిన శవం ఎవరిది మరి?

చాలామంది అభిమానులు ఇక్కడే ఎక్స్‌పాన్షన్‌ను పక్కన పెట్టేస్తారు. అధికారికం కాదు కాబట్టి ఆడక్కరలేదు అంటారు. నాకు ఈ మాట వింటే బాధేస్తుంది. రామాయణం తెలిసినవాళ్ళం మనం. ఒకే కథకి ఎన్ని పాఠాలున్నా, ఒకచోట ఉన్నది ఇంకోచోట లేకపోయినా, లేని పాఠాన్ని అబద్ధం అనం. దానిలో ఏముందో చూస్తాం. ‘ఎక్స్‌ట్రాక్షన్ పాయింట్’ ఆ కథకి ఇంకో పాఠం. తర్వాత భాగానికి ఏదీ మిగల్చనక్కరలేని పాఠం. వారసుడు లేని కథకి దాచుకోవాల్సింది ఏముంటుంది? అందుకే అది మనుషులను చంపగలిగింది, అందుకే అందులో భయం నిజమైనదిగా ఉంది. తర్వాతి భాగాలలో ఆ తీరు భయం నాకు దొరకలేదు. వాటిలో కాల్పులు ఇంకా బాగుండవచ్చు, బొమ్మలు ఇంకా మెరుగ్గా ఉండవచ్చు. కానీ ఎవరు బతుకుతారో నాకు ముందే తెలిసిపోయేది.

ఇంకో చిన్న ముచ్చట. చచ్చిన ఫెట్టెల్ తిరిగి రావడాన్ని ఎక్స్‌పాన్షన్‌లో అందరూ తప్పుబట్టారా, ‘ఫియర్ 3’లో ఫెట్టెల్ దయ్యంగా మన పక్కనే నడుస్తాడు, ఇద్దరు ఆడితే ఒకరు వాడిగానే ఆడాలి. అక్కడ ఎవరికీ అభ్యంతరం రాలేదు.

రెండో ఎక్స్‌పాన్షన్ ‘పర్సియస్ మ్యాండేట్’ కూడా టైమ్‌గేట్‌దే, 2007 నవంబరులో వచ్చింది. అందులో మనం వేరే బృందంలోని సార్జెంట్. మొదటి కథ జరుగుతుండగా పక్క వీధిలో జరిగే కథ. కొత్త కిరాయి సైనికులు బాగా ఆడిస్తారు. భయం మాత్రం పలచబడింది. పక్క వీధి కథలో ఎవరు పోయినా అసలు వీధిలో ఏం జరిగిందో మనకు ముందే తెలుసు.

వెనక నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఇప్పుడు కొత్తగా ఆడేవాళ్ళకి ఏ వరుసలో ఆడమంటారు అని. మొదటి ఆట ముందు ఆడండి, తప్పదు. అది పూర్తయిన రోజే ఎక్స్‌పాన్షన్ మొదలుపెట్టకండి. కనీసం కొన్ని వారాలు ఆగండి. ఆ భయం మీలో కాస్త పాతబడాలి, మీకు గుర్తులేదనిపించాలి. అప్పుడు మొదలుపెట్టండి. పీసీలో మొదటి ఆట, దాని రెండు ఎక్స్‌పాన్షన్లు కలిపి ఒకే సంపుటిగా ఇప్పటికీ దొరుకుతున్నాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, స్క్రీన్ వెలుగు పెంచుకోకండి. కనబడకపోవడం కోసమే వాళ్ళు అంత కష్టపడ్డారు.

ముగింపు చెబుతానన్నాను కదా. ఆసుపత్రి. ఖాళీ వార్డులు దాటి, నెత్తుటి మరకల గదులు దాటి, ఎట్టకేలకు పైకప్పు మీదికి వస్తాం. హెలికాప్టర్ కనిపిస్తుంది. ఇంతసేపూ దీని కోసమే వచ్చాం. అది మనల్ని చేరకముందే పేలిపోతుంది. పేలుడుకి విసిరేసినట్టు పడి, తల ఎత్తి చూస్తే, కనుచూపు మేరా ఊరు మంటల్లో ఉంటుంది. ఫెట్టెల్ గొంతు వినిపిస్తుంది. అంతే, ఆట అయిపోతుంది.

ఆ రాత్రి నేను కుర్చీలో అలాగే కూర్చున్నాను. అలవాటు కొద్దీ చివరి సేవ్ తెరిచి నా సామాను చూసుకున్నాను. ఆ ఆటలో గాయాలు మాన్పే మెడికిట్లు పది దాకా వెంట ఉంచుకోవచ్చు. నా దగ్గర పదీ ఉన్నాయి. రేపటికి పనికొస్తాయని ఆటంతా దాచుకుంటూ వచ్చాను.